పొగ డ్రమ్ము గాలికి అయస్కాంతమా, బోల్టా?

వంటాయన: అన్నా, మాంసం పొగపెట్టి వండే ఈ డ్రమ్ము కోసి ఇచ్చింది నువ్వే, అడుగున నాలుగు హోల్స్ కొట్టింది నువ్వే. ఆ హోల్స్‌కు మూతలు మాత్రం నేను పెట్టుకున్న. అల్యూమినియం రేకు పట్టీ, దాని రెండు కొసలకు పాత స్పీకర్ల వెనక ఉండే నల్ల అయస్కాంతం రింగులు. అంతే. పట్టీని పక్కకు జరిపినంత మేర గాలి లోపలికి పోతది. బోల్టు లేదు, వెల్డింగు లేదు. పొట్టేలు జబ్బ 110 డిగ్రీల కాడ ఆరేడు గంటలు నిలకడగ ఉడకాలంటే నాకు కావల్సింది గిదే. దీన్ని తీసేసి బోల్టు బిగించుకొమ్మని నువ్వెందుకు పట్టుబడుతున్నవో చెప్పు.

వెల్డర్: నా దుకాణం నుంచి పోయిన డ్రమ్ము నీ వాకిట్ల ఎట్ల కాలుతదనేది కూడా నా బాధ్యతే తమ్మీ. అందుకే అంటున్న. మొదలు ఒక మాట విను. అయస్కాంతాన్ని ఇనుము మీంచి ఊడబీకాలంటే మస్తు బలం కావాలె. పక్కకు జరపనీకి మాత్రం అంత అక్కర్లేదు. నిలువు గోడకు అంటుకున్న అయస్కాంతం కిందికి జారకుండ ఆపేది ఆ రెండిటి నడుమ ఉండే రాపిడే. డ్రమ్ము గోడ నిలువుగనే ఉంటది కద. రేకు బరువు, రింగుల బరువు అంతా కిందికే గుంజుతయి. దానికి చేతి జిడ్డు, మసాలా నూనె, పొగ తారు తోడైనయంటే రాపిడి ఇంకా తగ్గుతది. చప్పుడు చేసి ఊడిపడితే తెలుస్తది. కంటికి కనపడకుండ రెండు మిల్లీమీటర్లు జారితే తెలవదు. నువ్వు 110 కాడ పెట్టిపోయిన డ్రమ్ము 135 కాడ ఎందుకున్నదో అర్థం కాక బొగ్గును తిట్టుకుంటవు.

వంటాయన: జారుడు సంగతి నాకు తెల్వదనుకున్నవా? ఇనుప రేకు పెట్టకపోవడానికి ఒక కారణం అదే. అల్యూమినియం బరువు ఇనుము బరువుల దాదాపు మూడో వంతు. రెండో కారణం ఇంకా పెద్దది. ఇనుప రేకు మీద అయస్కాంతం పెడితే దాని బలం ఆ రేకులనే తిరుగుకుంట పోతది, వెనకున్న డ్రమ్ము దాకా చేరేది తక్కువ. అల్యూమినియం ఆ బలాన్ని అడ్డుకోదు. ఒక మిల్లీమీటరు మందం రేకైతే రింగు ఆ అవతల ఉన్న డ్రమ్మును గట్టిగనే పట్టుకుంటది. ఇంకోటి, అయస్కాంతాన్ని రేకుకూ డ్రమ్ముకూ నడుమ పెట్టలేదు, రేకు పైన పెట్టిన. నడుమ పెడితే రింగు మందమంత సందు మిగిలి, మూసినా గాలి పోతనే ఉంటది. ఇప్పుడు రేకు డ్రమ్ము గుండ్రానికి వంగి అతుక్కున్నది. రింగులు కూసునే జాగల పాత పెయింటు పెచ్చులు గీకి, స్పిరిట్ బట్టతోటి జిడ్డు తుడిచిన. వంట పెట్టే ముందర ప్రతిసారి తుడుస్త.

వెల్డర్: తుడవడం మంచిదే. వేడి సంగతేంది మరి? అయస్కాంతాలన్నీ ఒక్క తీరుగ వేడిని ఓర్వవు. బజార్ల దొరికే మెరిసే చిన్న బిళ్లలు, నియోడిమియం అంటరు, మామూలు రకం 80 డిగ్రీలు దాటిందంటే బలం పోగొట్టుకుంటది. మళ్ల చల్లారినా ఆ బలం తిరిగి రాదు. 120కి, 150కి ఓర్చుకునే రకాలున్నయి గని బిళ్ల మీద ఆ సంగతి రాసి ఉండదు, దుకాణపాయనకు అడిగినా తెల్వదు. ఫ్రిజ్‌కు అంటించే రబ్బరు అయస్కాంతమైతే ఆ వేడికి మెత్తబడి వంకర పోతది. జిగురు ఇంకో గోస. రెండు ట్యూబులు కలిపి అంటించే జిగురు, వేడి ఎక్కినంక పట్టు సడలిస్తది.

నువ్వు చెప్పేది నాకు ముందే తెలుసు. హోల్ ఉన్నది డ్రమ్ము అడుగున, అక్కడ చల్ల గాలి లోపలికి పోతది కాబట్టి చల్లగనే ఉంటది అంటవు. గాలి పోయినంత సేపు నిజమే. వేడి ఎక్కువైందని నువ్వు మూత మూసినవనుకో, అప్పుడు ఆ జాగను చల్లబరిచే గాలి ఆగిపోతది. బొగ్గు బుట్ట మాత్రం లోపల కనకన కాగుతనే ఉంటది. అంటే నీ అయస్కాంతం గట్టిగ పట్టాల్సిన టైములనే దాని మీద వేడి ఎక్కువ.

వంటాయన: ఆ ఆఖరి మాట నేను అంత లోతుగ ఆలోచించలే, ఒప్పుకుంటున్న. మూసిన హోల్ పక్కన రేకును తాకి చూస్తే తెరిచిన హోల్ పక్కన కన్న ఎక్కువ కాలింది. నేను దాన్ని గాలి దిక్కు అనుకున్న. కానీ నేను వాడేది నియోడిమియం కాదు, ఫెర్రైట్. నల్లగ, పింగాణీ లెక్క పెళుసుగ ఉంటది. అది 250 డిగ్రీల దాకా పనిచేస్తది, అయస్కాంత గుణం మొత్తం పోవాలంటే 450 దగ్గరికి పోవాలె. వేడి పెరిగే కొద్ది డిగ్రీకి 0.2 శాతం చొప్పున బలం తగ్గుతది, చల్లారినంక మళ్ల వస్తది. గోడ 150 అయిందనుకున్నా నాలుగో వంతు తగ్గుతదంతే. ముందే దానికి సరిపడా పెద్ద రింగు తీసుకుంటే సరి. జిగురు నేను వాడనే వాడలే. రింగు నడుమ తొర్ర ఉంటది కద, అందులకెళ్లి ఇత్తడి స్క్రూ, వాషర్ వేసి రేకుకు బిగించిన. బొగ్గు బుట్టను గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపిన.

వెల్డర్: ఫెర్రైట్ అంటే ఒక బెంగ తీరింది. మెరిసే బిళ్లల గురించి మాత్రం ఇంకొకటి చెప్పాలె, ఎందుకంటే నీ డ్రమ్మును చూసి పక్కింటోళ్లు కూడా చేస్తరు, వాళ్లకు దొరికేది ఆ బిళ్లలే. పసిపిల్లలు ఒకటి మింగి, కాసేపటికి ఇంకోటి మింగినరనుకో, పేగు రెండు మడతల్ల ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటయి. నడుమ చిక్కిన పేగు గోడ నలిగి తూటు పడతది. ఆపరేషన్ దాకా పోతది, ప్రాణం మీదికి వస్తది. రాలిపడే వస్తువులకు అట్లాంటి బిళ్ల వాడకూడదు. వాకిట్ల పిల్లలు తిరుగుతరు.

వంటాయన: దీని మీద వాదన లేదు. పసిపిల్లలున్న ఇంట్ల ఆ బిళ్ల ఉండకూడదు, అంతే. పెద్ద ఫెర్రైట్ రింగు ఏ పిల్లగాని నోట్ల పట్టదు.

వెల్డర్: సరే. నా పద్ధతి చెప్త. హోల్ మీద ప్లేటు, ప్లేటుకు ఒక బోల్టు, స్ప్రింగ్ వాషర్, రెక్క నట్టు. తిప్పితే తిరుగుతది, వదిలిన జాగల నిలుస్తది. వేడికి భయం లేదు, జిడ్డుకు భయం లేదు. ఇంత సులువు పని ఉండంగ అయస్కాంతం ఎందుకు?

వంటాయన: ఎందుకో చెప్తే మొత్తం గాలి కథే చెప్పాలె. మన దిక్కు పొయ్యి కాడ మంటను ఎక్కువ అదుపు చేసింది గాలితోటి కాదు, కట్టెతోటి. మంట పెద్దదైతే కట్టె బయటికి గుంజుతరు, తగ్గితే లోపలికి నూకుతరు. హైదరాబాద్ హలీం బట్టీ కాడ కూడా గదే పని. 2010ల భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ హలీం, ఇటుక మట్టి బట్టీ మీద, కట్టె మంట మీద గంటల తరబడి ఉడుకుతది, పక్కన మనిషి కూసొని కట్టె జరుపుతుంటడు. పొగ డ్రమ్ముల ఆ పని కుదరదు. బొగ్గు మొత్తం ముందే పోస్తం, మూత పెడతం, ఇక చేతిలో ఉండేది గాలి ఒక్కటే. ఆ గాలి ఎంత సున్నితమో చూడు. ఒక అంగుళం హోల్ అంటే సుమారు 5 చదరపు సెంటీమీటర్లు. అర అంగుళం హోల్ దాంట్ల సగం అనుకుంటరు అందరు. సగం కాదు, నాలుగో వంతు. అంటే చిటికెన వేలు గోరంత జరిపినా గాలి లెక్క మారిపోతది.

ఇంక కట్టె. నల్లగొండ దిక్కు ముసలి బత్తాయి తోటలు నరికితే వచ్చే కట్టె పొగ సన్నగ, తియ్యగ ఉంటది. కొల్లాపూర్ మామిడి కొమ్మ కొంచెం ఘాటు. సర్కారు తుమ్మ వేరే కథ. 1877ల కడప జిల్లా కమలాపురం కాడ విత్తనం వేసినరంట దాన్ని, ఇప్పుడు పాలమూరుల చెరువు కట్టలు, బీళ్లు అన్నీ అదే. టెక్సాస్‌ల బార్బెక్యూకు వాడే మెస్కిట్ చెట్టు దానికి దగ్గరి చుట్టం. డల్లాస్ దిక్కు ఉండే మన పిల్లలు వాకిట్ల పొగపెట్టి కాల్చే మాంసానికి వాసన ఇచ్చేది, మన ఊరి కంపకు అక్కచెల్లెలే. సర్కారు తుమ్మ బొగ్గు మస్తు వేడి ఇస్తది, దానికి గాలి తక్కువ చాలు. చింత బొగ్గు నిదానం. ఆషాఢంల పడమటి గాలి లేచిందంటే మొన్న పెట్టిన హోల్ ఇయ్యాల పనికి రాదు, గాలి తగిలే దిక్కు హోల్ మొత్తం మూసి వెనక దిక్కు హోల్ తెరవాలె. ఎండాకాలం మిర్యాలగూడల ఎండకు డ్రమ్ము ముట్టించకముందే కాలుతది. ఇన్ని తీర్ల మారేదానికి ఇంత హోల్ చాలని ముందే ఎట్ల చెప్తవు? నాకు ముందు వెతుక్కునే వెసులుబాటు కావాలె. బోల్టు కొట్టాలంటే డ్రమ్ముకు ఇంకో తూటు పొడవాలె. జాగ తప్పైతే దాన్ని పూడ్చాలె. అయస్కాంతమైతే ఎత్తి ఇంకో జాగల పెడత.

మన బొగ్గు బట్టీలు కాల్చేటోళ్లను చూడు. కట్టె పేర్చి, ఆకు కప్పి, మట్టి మెత్తి, అడుగున చుట్టూ గాలికి తూట్లు విడుస్తరు. తెల్లటి పొగ వచ్చినంత సేపు లోపల తేమ పోతున్నది. పొగ పలుచబడి నీలిరంగు తిరిగితే ఆ దిక్కు కట్టె బొగ్గయింది, ఆ తూటు మట్టితోటి మూసేస్తరు. వాళ్లు బోల్టు బిగించలేదు కద. తడి మట్టి ముద్ద చాలు వాళ్లకు. పెట్టడం, తీయడం, జరపడం చేతిల ఉండాలె. నా అయస్కాంతం కూడా ఆ మట్టి ముద్ద చేసే పనే చేస్తది.

వెల్డర్: ఇది నువ్వు చెప్పిన మాటల్ల గట్టిది. నేను ప్లేటు వెల్డింగ్ చేసేటప్పుడు హోల్ ఎక్కడ ఉండాలెనో అందాజుగనే కొడుత, ఎందుకంటే కాల్చేది నేను కాదు. కొందరు వెనక్కి తెచ్చి ఇంకో హోల్ కొట్టుమన్నరు కూడ. వెతుక్కునే దశల అయస్కాంతం నా బోల్టు కన్న నయం.

బట్టీ ఉదాహరణల మాత్రం నువ్వు ఒకటి వదిలేసినవు. బట్టీ కాల్చేటోడు అక్కడి నుంచి లేవడు. రాత్రి అక్కడనే పండుకుంటడు, మట్టి పగిలి పొగ వాసన మారితే నిద్రలనే లేస్తడు. పగిలిన కాడ మంట లోపలికి పాకిందంటే బట్టీ మొత్తం బూడిదైతదని వానికి తెలుసు. నువ్వు రాత్రి పది గంటలకు జబ్బ పెట్టి తెల్లారి తీస్తనంటున్నవు. పొగ డ్రమ్ముల ఆశ అదే కద, మన నిద్రల అది ఉడకాలె.

అప్పుడు నేను ఒక్కటే అడుగుత. నీ మూత పాడైతే ఏ దిక్కు పాడైతది? అయస్కాంతం జారితే మూత పడిపోతది, హోల్ మొత్తం తెరుచుకుంటది. అంటే అదుపు పోయిన క్షణంలనే నిప్పుకు ఎక్కువ గాలి అందుతది. 110 ఉన్న డ్రమ్ము 200 దాటుతది. జబ్బ నుంచి కారే కొవ్వు బొగ్గు మీద పడి అంటుకుంటది. పొద్దుగాల లేచి బూడిద చూస్తే పర్వాలేదు, పందిరి అంటుకుంటే? ఎండాకాలం వాకిలి పక్కన గడ్డివాము ఉంటది. ఏ యంత్రం చేసినా మొదలు అడగాల్సింది ఇదే, పాడైనప్పుడు అది మూసుకుంటదా, తెరుచుకుంటదా? నీది తెరుచుకుంటది. నా బోల్టు ఎక్కడ ఉన్నది అక్కడనే ఉంటది.

వంటాయన: దీనికి జవాబు మన వంటింట్లనే ఉన్నది. కరెంటు రైస్ కుక్కర్ చూడు. దాని అడుగున ఒక స్ప్రింగు గొట్టం ఉంటది, అందుల అయస్కాంతం, దానికి పైన ఒక ప్రత్యేకమైన ఫెర్రైట్ బిళ్ల. నీళ్లు ఉన్నంత సేపు గిన్నె అడుగు 100 దాటదు. నీళ్లు ఇంకిపోయినంక వేడి ఎక్కి 103 ప్రాంతంలకు రాంగనే ఆ బిళ్ల అయస్కాంత గుణం పోగొట్టుకుంటది. పట్టు వదులుతది, స్ప్రింగు నూకుతది, టక్కుమని మీట పడిపోతది, అన్నం మాడదు. వేడికి పట్టు వదలడమే అక్కడ పని. నువ్వు లోపమంటున్నదే అక్కడ కాపలా. నేను కూడా అయస్కాంతాన్ని మూత తెరిచి పట్టుకునేటట్టు పెడితే, వేడి ఎక్కువైతే అది వదిలేస్తది, మూత మూసుకుంటది.

వెల్డర్: మాటల బాగున్నది, ఇనుముల లేదు. కుక్కర్‌ల ఉన్న బిళ్లను 103 దగ్గర వదిలేటట్టు ఫ్యాక్టరీల కలిపి తయారు చేసినరు. నీ స్పీకర్ రింగు 450 దాకా వదలదని నువ్వే చెప్పినవు. అప్పటికి నీ జబ్బ బొగ్గయిపోయి ఉంటది. పోనీ మెరిసే బిళ్ల పెడితే, అది ఒక్కసారి టక్కుమని వదలదు. కొద్దికొద్దిగ బలం కోల్పోయి, ఒకరోజు 90కి జారుతది, ఇంకోరోజు 130కి జారుతది. దాన్ని నమ్ముకొని పండుకోలేవు. కుక్కర్ లెక్క చెయ్యాలంటే కుక్కర్ బిళ్లనే కావాలె, అది కూడా డ్రమ్ముల మాంసం పక్కన వేడిని పసిగట్టే జాగల ఉండాలె, అడుగున హోల్ కాడ కాదు. హోల్ కాడి వేడి వేరు, మాంసం కాడి వేడి వేరు.

వంటాయన: ఈ దెబ్బ గట్టిగనే తగిలింది. హోల్ కాడి వేడి మాంసం కాడి వేడి కాదన్నది సరైన మాట. అయితే వేడిని పసిగట్టే పని అయస్కాంతానికి ఇయ్యొద్దు. దాని పని చిన్నది చేద్దాం. హోల్‌కు పైన, నిలువుగ, ఒక్క బోల్టు. ఆ బోల్టుకు ప్లేటు వదులుగ వేలాడదియ్యి, గోడ గడియారం లోలకం లెక్క. వదిలేస్తే తన బరువుకు తానే వేలాడి హోల్‌ను మూస్తది. తెరవాలంటే పక్కకు ఊపి, ఎంత తెరవాలెనో అక్కడ ప్లేటు కొసకున్న అయస్కాంతం డ్రమ్మును పట్టుకుంటది. బరువు మోసేది బోల్టు. అయస్కాంతం పట్టుకునేది స్థానం ఒక్కటే. అది ఎప్పుడు ఏ కారణానికి వదిలినా, జిడ్డుకైనా, వేడికైనా, కుక్క తోక తగిలినా, ప్లేటు కిందికి ఊగి మూసుకుంటది. పాడైతే ఏ దిక్కు అన్నవు కద, మూసే దిక్కే.

వెల్డర్: ఇది నేను రేపే వెల్డింగ్ చేసి ఇస్త. నిజంగ మంచి ఆలోచన. కానీ చూడు, బోల్టు వచ్చేసింది.

వంటాయన: వచ్చింది. ఒక్కటి. డ్రమ్ముకు ఇంకో తూటు కూడా వచ్చింది. హోల్ జాగ ఏదో తేలినంకనే కొట్టిద్దాం. అప్పటి దాకా అల్యూమినియం పట్టీయే.

వెల్డర్: ఇంకో రెండు చూడు. పొగ తారు చల్లారితే బంక అయితది. ప్లేటు వెనక ఆ తారు పేరుకుంటే, అయస్కాంతం వదిలినా ప్లేటు ఊగదు, అక్కడనే అతుక్కుంటది. కాబట్టి ప్లేటు బరువుగ ఉండాలె, వదులుగ ఉండాలె, ప్రతిసారి గీకాలె. అల్యూమినియం పనికి రాదు ఇక్కడ, బరువు కావాలె కాబట్టి రెండు మిల్లీమీటర్ల ఇనుమే. రెండోది, మూసుకుంటే సమస్య తీరినట్టు మాట్లాడుతున్నవు. రాత్రి ఒంటిగంటకు అన్నీ మూసుకున్నయనుకో. నిప్పు చల్లారుతది. ఊపిరి ఆడని బొగ్గు చేదు పొగ ఇస్తది, అది మాంసానికి పడుతది. అంతకన్న పెద్దది, సగం ఉడికిన జబ్బ గోరువెచ్చగ నాలుగైదు గంటలు ఉంటది. 5 నుంచి 60 డిగ్రీల నడుమ మాంసంల క్రిములు పెరుగుతయి. పొద్దుగాల లేచి, నిప్పు మళ్ల రాజేసి, ఏమీ కానట్టు తింటే అందరూ మంచం పడతరు. మా బోల్టు కదలదు కాబట్టి ఈ ఆపద లేదు.

వంటాయన: ఈ రెంట్ల నేను దేన్ని ఎన్నుకుంటనో చెప్త. ఇల్లు కాలుడు కన్న జబ్బ పారేసుడు నయం. చల్లారిపోయిన మాంసాన్ని మళ్ల కాల్చి పెట్టొద్దు, పారెయ్యాలె, ఎంత ఖరీదైనా సరే. 2019 పశుగణనల 1.9 కోట్ల గొర్రెలతోటి దేశంల మొదటి స్థానం మన తెలంగాణది, పాలమూరుల ఊరూర మందలున్నయి, ఇంకో జబ్బ దొరుకుతది.

ఇక నీ బోల్టు కదలదనేది పూర్తిగ నిజం కాదన్నా. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి రెక్క నట్టు సడలుతది. సడలిన ప్లేటు ఏ దిక్కు జారుతదో దానికే తెల్వది. లేకుంటే తుప్పు పట్టి బిగుసుకుంటది, చీకట్ల గుడ్డ గ్లవ్ వేసుకొని తిప్పవోతే చెయ్యి కాలుతది గని నట్టు తిరగదు. కొందరు అంగుళం పైపుకు బాల్ వాల్వ్ పెడతరు, అందంగ ఉంటది. దాని లోపల టెఫ్లాన్ రింగులు ఉంటయి, అవి 260 డిగ్రీల దాకానే. అడుగున అంత వేడి రాదు గని తారు ఎక్కితే హ్యాండిల్ కదలదు. ఏదీ పెట్టి మర్చిపోయేది కాదు. ఎట్ల చూసినా మాంసం కాడ ఒక థర్మామీటరు, మంచం కాడ అలారం కావాలె.

వెల్డర్: ఆ మాటకు ఒప్పుకుంటున్న. కానీ మనం ఇద్దరం ఇట్ల మాట్లాడుకుంటున్నం కాబట్టి అది నడుస్తది. నేను అమ్మేది నీకొక్కనికే కాదు. షాద్‌నగర్ దిక్కు, చౌటుప్పల్ దిక్కు ఫాంహౌస్‌లు లేచినయి, శని ఆదివారాలు ఆడికి వచ్చేటోళ్లు డ్రమ్ములు అడుగుతున్నరు. వాళ్లకు నిప్పు అలవాటు లేదు. మూత తీస్తే మంట ఎగుస్తదని తెల్వదు. కొవ్వు అంటుకుంటే నీళ్లు పోస్తరు. నీ పెళుసు రింగు మీద చల్ల నీళ్లు పడితే పగిలి రాలుతది, అది వేరే సంగతి. కొందరు మెరిసే స్టీలు డ్రమ్మే కావాలంటరు, 304 స్టీలుకైతే అయస్కాంతం అసలే అంటదు. అట్లాంటోళ్లకు నేను ఇచ్చే వస్తువుల ఊడే భాగం ఉండకూడదు. తెలిసినోడు వాడే పనిముట్టుకు, తెల్వనోనికి అమ్మే పనిముట్టుకు ఒకే నియమం పెట్టలేం.

డ్రమ్ము సంగతే తీసుకో. మందుల కంపెనీలు ఉన్న దిక్కు పాత డ్రమ్ములు తుక్కు దుకాణాలకు చవకగ వస్తుంటయి. లోపల ఏం రసాయనం ఉండెనో ఎవ్వరు చెప్పరు. ఆవిరి మిగిలిన డ్రమ్ముకు గ్రైండర్ పెడితే పేలుతది, కోసేటోని ప్రాణం పోతది. లోపల పూత ఉంటే అది కాలి పొగల కలుస్తది. జింకు పూత రేకైతే ఆ పొగ పీల్చినోనికి జ్వరం వస్తది. అందుకే నేను తినే నూనె డ్రమ్ము తప్ప ముట్టను. దాన్ని కూడా నీళ్లు నింపి కోసి, ఖాళీగ ఒకసారి ఎర్రగ కాల్చి, గీకి ఇస్త. ఇంత చేసి ఇచ్చినంక, ఆఖరున గాలి అదుపును జారే అయస్కాంతానికి అప్పజెప్పుమంటే నా చెయ్యి ఆడదు.

వంటాయన: డ్రమ్ము గురించి నువ్వు చెప్పింది ప్రతి ఒక్కరు గోడ మీద రాసి పెట్టుకోవాలె. తెల్వనోనికి అమ్మే దాంట్ల ఊడే భాగం వద్దన్నది కూడా న్యాయమే. కానీ అన్నా, నువ్వు బిగించి ఇచ్చిన డ్రమ్ముల నిప్పు గురించి వాడు ఎప్పుడు నేర్చుకుంటడు? ప్లేటు ఒకే జాగల ఉంటే, వేడి పెరిగితే వాడు మూత తీస్తడు, తగ్గితే ఇంకో బస్తా బొగ్గు పోస్తడు. గాలికి వేడికి ఉన్న సంబంధం వాని చేతికి ఎక్కదు. నేను పట్టీని గోరంత జరిపి, పావుగంట ఆగి, పొగ రంగు చూసి, ముల్లు ఎటు పోయిందో చూసి నేర్చుకున్న. మొదట తెల్లగ దట్టంగ వచ్చిన పొగ పలుచబడి, ఎండల నిలబడి చూస్తే కనపడీ కనపడకుండ నీలిగ అయినప్పుడు మాంసం పెట్టాలెనన్నది నాకు ఏ పుస్తకం చెప్పలే. వండేటోడు తన పొయ్యిని తాను మార్చుకోగలిగితేనే వంట వానిది అయితది. నాకు అయస్కాంతం ఇచ్చింది ఆ వెసులుబాటు. తక్కువ పైసలతోటి ఇచ్చింది. వెల్డింగ్ మిషన్ లేనోడు కూడా చేసుకోగలడు.

వెల్డర్: నేర్చుకునేటోడు పక్కన కూసుంటే సరే. కూసోకుండ నేర్చుకుంటనంటేనే భయం. నా దుకాణం నుంచి పోయే డ్రమ్ముకు బోల్టు, బరువు ప్లేటు, తన బరువుకు తాను మూసుకునేటట్టు, అదే పెడత. దాన్ని తెరిచి పట్టుకునేది ఏందనేది కొన్నోని ఇష్టం. నేనైతే స్ప్రింగ్ వాషరే పెడత.

వంటాయన: నేనైతే అయస్కాంతమే. మెలకువగ ఉన్నన్ని గంటలు పట్టీ, పండుకునే రాత్రి నీ బరువు ప్లేటు. రాత్రంతా ఒంటరిగ అయస్కాంతాన్ని నమ్మను, ఆ మాట ఇస్తున్న.

వెల్డర్: ఇంకొక మాట ఇయ్యి. వానాకాలం వచ్చిందంటే జనం డ్రమ్మును రేకుల షెడ్డులకు, కారు పెట్టే గదిలకు జరుపుతరు. గాలి తగ్గించి కాల్చే నిప్పు అంటే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చేసే నిప్పు. నువ్వు ఎంత బాగ హోల్స్ మూస్తే అది అంత ఎక్కువ వస్తది, బోల్టుతోటి మూసినా, అయస్కాంతంతోటి మూసినా. దానికి రంగు లేదు, వాసన లేదు. తల నొప్పి, మగత, అంతే, మనిషి లేవడు.

వంటాయన: ఇస్తున్న. ఈ డ్రమ్ము ముట్టిస్తే ఆకాశం కిందనే. వాన వస్తే ఆ రోజు వంట వాయిదా. నిప్పు పూర్తిగ ఆరి, బూడిద చేత్తోటి ముట్టేటంత చల్లబడ్డంకనే లోపలికి తెస్త. చదివేటోళ్లు కూడా అట్లనే చెయ్యాలె.